మువ్వ చెవిలో నెమలీక

అనగనగా, చిరుతలూ కొండముచ్చులూ తిరిగే ఒక పెద్ద అడవి. ఎండాకాలం సెలవుల్లో దూరపు అడవుల నుంచి పిల్లలు అక్కడికి వచ్చేవారు. తాబేలు తాత వాళ్ళకి అడవిలో ఎలా మెలగాలో నేర్పేవాడు.

ఆ ఏడు మువ్వ అనే దుప్పిపిల్ల వచ్చింది. పంపేటప్పుడు వాళ్ళమ్మ పదే పదే చెప్పింది: "అక్కడి దారులు నీకు తెలీవు తల్లీ. పక్కన నేనుండను. తాత మాట చెవిన పెట్టు."

తాత మూడు పనులు ఇచ్చాడు. గాలిలో వాసన పట్టాలి. అడుగుజాడ కొత్తదో పాతదో చెప్పాలి. చివరిది, చెట్టు కింద కదలకుండా కూర్చుని కొండముచ్చుల కేకలు విని, ఏ కేక దేనికో తెలుసుకోవాలి. మూడూ చేసినవాళ్ళ చెవిలో నెమలీక పెడతాడు. నెమలీక ఉన్నవాళ్ళే ముందు నడవాలి.

"తెలియనప్పుడు మాత్రం ఎవరైనా సరే, అక్కడే ఆగిపోవాలి," అని రోజూ చెప్పేవాడు.

మువ్వ మొదటి రెండు పనులూ చక్కగా చేసింది. మూడోదానికి కూర్చుంటే దోమలు కుట్టాయి. పైన కొండముచ్చులేమో కునుకు తీస్తున్నాయి. విసుగొచ్చి ఉడతను అడిగింది.

"అదెంత పని! ఆటకేక ఒకటి, చిరుతను చూసిన కేక ఒకటి. అంతే," అంది ఉడత.

మువ్వ వెళ్ళి, తనే విన్నట్టు అదే తాతకు అప్పజెప్పింది. తాత నమ్మి నెమలీక పెట్టాడు.

మర్నాడు అందరూ వాగుకి బయల్దేరారు. ముందు మువ్వ. వెనక కుందేలుపిల్ల బూరి, ముళ్ళపందిపిల్ల గుండు. వాళ్ళింకా మూడో పని దాకా రాలేదు. తాబేలు నడక తెలిసిందేగా, తాత ఎక్కడో వెనకబడ్డాడు.

ఎదుటి నేరేడు చెట్టు మీంచి కేకలు వినిపించాయి. "ఖక్! ఖక్!"

"అక్కా, కొండముచ్చులు ఆడుకుంటున్నాయి! పళ్ళు రాలుస్తాయి, పద పద!" అని గంతేసింది బూరి.

"ఆగవే!" అన్నాడు గుండు. "అది ఆటకేకేనా అక్కా? నీకు నెమలీక ఉందిగా, చెప్పు."

మువ్వ ముక్కు పైకెత్తింది. గాలి ఆడటం లేదు, వాసన రాదు. నేలంతా ఎండుటాకులు, జాడలు కనపడవు. మిగిలినవి చెవులే. ఆ చెవులు ఏ కేకనీ నేర్చుకోలేదు.

'ఆటకేకే' అంటే పరువు దక్కుతుంది. బూరి అప్పుడే ముందుకాలు ఎత్తింది.

"నాకు తెలీదు," అంది మువ్వ. "నేను వినలేదు. ఉడత చెప్పింది అప్పజెప్పాను. ఎవరూ కదలకండి."

"ఓహో, దొంగ నెమలీకా!" అని గొణిగింది బూరి.

"ముందు నోరు ముయ్యి," అన్నాడు గుండు.

ముగ్గురూ బిగుసుకుపోయారు. నేరేడు చెట్టు కింద పొద కదిలింది. అందులోంచి చిరుత లేచింది. చుట్టూ చూసింది. బూరి మీసాలు వణికాయి. పైన కేకలు ఆగలేదు. తన జాడ అడవికంతా తెలిసిపోయిందని చిరుత విసురుగా తోక ఊపి, కొండవైపు వెళ్ళిపోయింది.

తాత వచ్చి సంగతి విన్నాడు. మువ్వ చెవి వంచింది. "తీసెయ్యి తాతా."

తాత నెమలీక తీశాడు. "ఇంకో నాలుగు అడుగులు వేసి ఉంటే మీ అమ్మకి నేనేం చెప్పేవాణ్ణే తల్లీ?" అన్నాడు.

 మువ్వ వెళ్ళి, మూడో పనికి కూర్చున్న చెట్టు కిందే మళ్ళీ కూర్చుంది. దోమలు కుట్టాయి. ఈసారి చెవులు తప్ప ఏమీ కదలలేదు.

నీతి: నేర్చుకోకుండా తెచ్చుకున్న మెప్పు ఆపదలో కాపాడదు, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం కాపాడుతుంది.