నువ్వుల నూనె దీవెన

అనగనగా సముద్రం నడుమ ఒక దీవి. దీవి నిండా కతోలికులే. వాళ్ళ పూజలన్నీ రోము వాళ్ళ భాషలో. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! రాజుగారికి చిర్రెత్తుకొచ్చి, మన గుడి మనదే, మన పూజ మన మాటల్లోనే, రోముకో దండం అనేశారు. ఊ కొడుతున్నారా? నిద్రపోయారంటే చెంబుడు నీళ్ళు పోస్తాను, ఏమనుకున్నారో!

రోము వాళ్ళకి కోపం రాదూ? ఏటా ఓడలో పంపే ఆలివ్ నూనె ఆపేశారు. తాలింపు నూనె కాదర్రా, జబ్బుపడ్డవాళ్ళ నుదుట గుడిలో పూజ చేసే గురువుగారు రాసే దీవెన నూనె.

ఆ దీవిలో గానుగ ఇంటి కోడలు శౌరమ్మ. ఆమె అత్త ఇన్నమ్మ మంచం పట్టింది. నుదుట నూనె పడకుండా పోతే దేవుడు నన్ను గుర్తుపడతాడా అని ఒకటే ఏడుపు. తల్లిలేని పిల్లనని నాకు రోజూ తల దువ్విన అత్త ఇంత బెంగతో పోవడమా అని శౌరమ్మ గుండె చెరువైంది.

పరుగున మేత్రాణిగారి దగ్గరికి, అంటే గురువులందరికీ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఖాళీ సీసా చూపించి, ఓడ రావాలమ్మా అన్నారు. విన్నారా చోద్యం! వేరు కాపురం పెట్టి, అన్నం పాత ఇంట్లోంచి వస్తుందని కూర్చున్నట్టు లేదూ?

శౌరమ్మ ఇంటికొచ్చి నువ్వులు కడిగింది, కడిగి ఎండబోసింది, ఎండబోసి గానుగలో పోసింది. ఎద్దు తిరిగింది, గానుగ తిరిగింది, నూనె కారింది. ఆ నూనె చెంబుతో మళ్ళీ గుడికెళ్ళింది. నువ్వుల నూనె చెల్లుతుందో లేదో తల్లీ అని ఆయన నసిగారు.

"అయ్యగారూ, మన మాట దేవుడికి అర్థమవుతుందని మీరేగా గుళ్ళో అందరికీ చెప్పారు. మన నూనె మాత్రం ఆయనకి గిట్టదా?"

మేత్రాణిగారు కళ్ళు తుడుచుకుని, చెంబు మీద చేతులుంచి ప్రార్థించారు. తనే నడిచొచ్చి ఇన్నమ్మ నుదుట నూనె రాసి, తండ్రీ, ఈ ఇన్నమ్మ నీ బిడ్డ, బాగుచెయ్యి అని అడిగారు.

ఇన్నమ్మ హాయిగా నిద్రపోయింది. మూడోనాడు లేచి కూర్చుని గంజి అడిగింది. కోడలి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "డెబ్బై ఏళ్ళుగా మోకరిస్తున్నానే తల్లీ! గురువుగారు నాకోసం దేవుణ్ణి ఏమడుగుతున్నారో మొన్ననే తెలిసింది."

ఉన్నదాంట్లోంచి పెట్టినా దేవుడు కళ్ళకద్దుకుంటాడర్రా, మరిచిపోకండి. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లోకి దూరండి!