చోటు లేని అటక

చిన్నీ, ఆ తలగడల గోడ నాకు కనిపించడం లేదనుకుంటున్నావా? నీకూ చెల్లికీ మధ్య అలా కట్టేశావేం? వాళ్ళింట్లోకి వాన నీళ్ళొచ్చాయని కదా బాబాయి పావనిని ఇక్కడ దింపి వెళ్ళాడు. అది వచ్చినప్పట్నించీ నువ్వు మూతి ముడుచుకునే ఉన్నావు. సరే, ఆ గోడ సంగతి తర్వాత చూద్దాం. కరెంటు లేదు, కొవ్వొత్తి సగమే మిగిలింది. దాన్ని ఆర్పేసి, నేను మీ ఇద్దరి మధ్యా పడుకుని కథ చెప్తాను. ఊఁ కొట్టడం మాత్రం మానకండి ఇద్దరూ.

అనగనగా ఒక ఊళ్ళో... ఆగండి, ఊరు కాదు. గోదారి మధ్యలో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో మిరపతోటలు, అరటితోటలు, వాటి పక్కన తాటాకిళ్ళు. ఉప్పు కావాలన్నా, అగ్గిపెట్టె కావాలన్నా పడవెక్కి ఒడ్డుకి పోవాల్సిందే.

వానాకాలం వచ్చిందంటే గోదారికి ఎర్రనీరు వస్తుంది. అప్పుడు పడవలు ఆగిపోతాయి. మగవాళ్ళు గొడ్లని తోలుకుని ముందే ఒడ్డునున్న గట్టు మీదికి పోతారు. ఆడవాళ్ళేమో ఇల్లు వదిలిపెట్టి రామని అటకెక్కి కూర్చుంటారు. నీళ్ళు తీసేదాకా తిండి, నిద్ర అన్నీ ఆ అటక మీదే. మనం పొద్దున బిందెలు నింపుకుని, అటుకులు డబ్బాలో పోసుకుని పెట్టుకోలేదూ? అలా వాళ్ళు ఎండాకాలంలోనే అటక సర్దుకునేవాళ్ళు.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. ఎర్రనీరు రేవు మెట్లెక్కగానే, ఇంటి పెద్దావిడ తన చాప చుట్టి చంకలో పెట్టుకుని, తనకి నచ్చిన కోడలి అటక ఎక్కుతుంది. ఎవరి అటక ఎక్కితే ఆ కోడలికి లంకంతా పేరు. రెండో కోడలి మొహం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ లంకలో పేరంటాలమ్మ అని ఒక అత్తగారు. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు అచ్చాయమ్మ, చిన్నకోడలు గంగరత్నం. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. చిన్నకోడలిది గోదారి వైపు, పెద్దకోడలిది తోట వైపు. పేరంటాలమ్మ మామూలు రోజుల్లో ఇద్దరిళ్ళల్లోనూ తినేది, ఇద్దర్నీ తిట్టేది. కానీ వరదొస్తే మాత్రం ఎప్పుడూ చిన్నకోడలి అటకే ఎక్కేది.

అచ్చాయమ్మకి కడుపు మండిపోయేది. "పెద్దకోడల్ని నేనుండగా దానింటికి పోవడమేమిటి?" అని పొయ్యి ముందు కూర్చుని తనలో తనే గొణుక్కునేది. అసూయ అంటే పెద్ద దెయ్యమేం కాదే చిన్నీ. మనల్ని ఎవరూ పిలవలేదన్న దుఃఖం. అదే ముదిరి కుళ్ళవుతుంది.

ఒక ఎండాకాలం అచ్చాయమ్మ తాటాకు దడిలో వేలు పెట్టి కన్నం చేసింది. ఆ కన్నంలోంచి చూస్తే గంగరత్నం బియ్యం కుండ నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కుతోంది. "ఓహో, ఇదా సంగతి! అది ఒక కుండ ఎక్కిస్తే నేను రెండెక్కిస్తాను" అనుకుంది అచ్చాయమ్మ. అలాగే ఎక్కించింది. ఆ తర్వాత వాన మబ్బు ఎప్పుడు పడుతుందా అని రోజూ ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. వరద కోసం ఎదురుచూసిన మనిషి ఆ లంకలో అదొక్కతే.

వరద రానే వచ్చింది. పేరంటాలమ్మ చంకలో చాపతో అచ్చాయమ్మ ఇంటికి వచ్చి, నిచ్చెన కింద నిలబడి పైకి చూసింది.

"బియ్యం బాగానే ఉన్నాయే పిల్లా. దేంతో వండుతావు?"

అచ్చాయమ్మ నాలిక కరుచుకుంది. పిడకలన్నీ పెరట్లోనే ఉన్నాయి. అప్పటికే అవి తడిసి మళ్ళీ పేడైపోతున్నాయి. పేరంటాలమ్మ చిన్నకోడలి ఇంటికి వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ నానబెట్టిన బియ్యం నముల్తూ అటక మీద ఒక్కతే కూర్చుంది. పక్క అటక మీంచి ఉప్పుచేప కాలిన వాసన వచ్చింది. దాని వెనకే అత్త నవ్వు వినిపించింది. ఆ నవ్వు వింటే అచ్చాయమ్మకి ఏడుపొచ్చేసింది.

మరుసటి ఎండాకాలం మళ్ళీ కన్నంలోంచి చూసింది. ఈసారి గంగరత్నం కుంపటి ఎక్కిస్తోంది, ఎండిన పిడకలు ఎక్కిస్తోంది, కొబ్బరి డొక్కలు ఎక్కిస్తోంది. అచ్చాయమ్మ అన్నిటికీ రెట్టింపు ఎక్కించింది. లాంతర్లో కిరసనాయిలు కూడా నింపింది. అగ్గిపెట్టెలు తడవకుండా మూత బిగించిన డబ్బాలో దాచింది. ఇది మాత్రం దాని సొంత తెలివే. ఆ మాట ఒప్పుకోవాలి.

అప్పుడు మళ్ళీ వరదొచ్చింది. మళ్ళీ పేరంటాలమ్మ వచ్చి నిచ్చెన కింద నిలబడింది.

"పొయ్యి ఉంది, పిడకలున్నాయి. మరి తాగడానికేవిటే?"

"చుట్టూ గోదారేగా అత్తా!"

"ఈ బురద తాగమంటావా నన్ను?" అని ఆవిడ చాప సర్దుకుని వెళ్ళిపోయింది.

చిన్నకోడలి అటక మీద నిండు బిందెలున్నాయి. అవి అయిపోతే తేర్చుకోడానికి చిల్లగింజలున్నాయి. చిల్లగింజ అంటే ఏమిటంటావా? చిన్న గింజమ్మా. అరగదీసి బురద నీళ్ళల్లో కలిపితే, మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడతాయి. అప్పుడు కాచుకుని తాగుతారు. గుప్పెడు గింజలు కొంగున కట్టుకుంటే సరిపోయేదానికి, అచ్చాయమ్మ చీర కొంగు చాపి వాననీళ్ళు పట్టుకుని తాగింది. పక్క అటక మీద అత్త, గంగరత్నానికి ఆ ఏడే పుట్టిన చంటిదానికి జోలపాట పాడుతోంది. "నాకెప్పుడైనా పాడిందా?" అని అచ్చాయమ్మ చెవులు మూసుకుంది. పెళ్ళయి కాపురం చేస్తున్న మనిషికి జోలపాటేమిటని నవ్వకు చిన్నీ. కావాలనిపించినప్పుడు ఎవరికైనా కావాలనిపిస్తుంది.

ఆ తర్వాతి ఎండాకాలం చూడాలి దాని పట్టుదల! కన్నంలోంచి చూడ్డం కూడా మానేసింది. "ఈసారి దాని దగ్గర ఏది ఉన్నా, అంతకు పదింతలు నా దగ్గర ఉండాలి" అంది. మొగుడు పడవేసుకుని ఒడ్డుకీ లంకకీ తిరిగి తిరిగి అలిసిపోయాడు. బియ్యం, పెసరపప్పు, చింతపండు, ఉప్పు, బెల్లం, అటుకుల బుట్టలు, ఊరగాయ జాడీలు, నీళ్ళ బిందెలు, చిల్లగింజలైతే ఏకంగా ఒక సంచీడు. గంగరత్నానికి చిన్న ఇత్తడి గంగాళం ఉందని, తను పుట్టింట్లో పేచీ పెట్టి దానికి రెండింతల గంగాళం తెచ్చుకుంది. చింతపండు పెట్టి మెరిసేలా తోమి, అటక నడిమధ్యన పెట్టి, దాన్నిండా సన్నబియ్యం పోసింది. లంకలో వాళ్ళందర్నీ పిలిచి నిచ్చెన కింద నిలబెట్టి చూపించింది. వాళ్ళూ ముక్కు మీద వేలేసుకున్నారు.

మూడోసారి వరదొచ్చింది. ఈసారి గోదారి మహా కోపంగా ఉంది. పేరంటాలమ్మ చాపతో వచ్చింది. అచ్చాయమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఇంక ఏమడుగుతుందో అడగనీ, అన్నీ ఉన్నాయి!

పేరంటాలమ్మ ఈసారి నిచ్చెన ఎక్కింది. తల లోపలికి పెట్టి ఇటు చూసింది, అటు చూసింది.

"అన్నీ ఉన్నాయే తల్లీ. మరి నేనెక్కడ కూర్చోనూ?"

నిజమే. బుట్ట పక్కన బుట్ట, బుట్ట మీద జాడీ, మధ్యలో ఆ మహాతల్లి గంగాళం. మనిషి కాదు కదా, పిల్లి కూడా పట్టదు.

అచ్చాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మీకు వంక దొరకాలి, అంతే! చిన్నకోడలంటే ముద్దు, నేనంటే కానిదాన్ని. పొండి, ఈ జన్మలో నా అటక ఎక్కకండి" అనేసింది. పేరంటాలమ్మ మొహం చిన్నబోయింది. మెల్లగా నిచ్చెన దిగి, మోకాలి లోతు నీళ్ళల్లో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ రెండు బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చుని ఏడ్చింది. కాళ్ళు చాపుకుని ఏడవడానికి కూడా దానికి చోటు లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్ళు గుండెల దాకా పెరిగాయి. ఇంతలో పక్కింటి నించి ఫెళఫెళమని చప్పుడు. గంగరత్నం ఇల్లు గోదారి వైపుది కదా, ఆ పక్క గోడ నాని కూలిపోయింది. ఇంటిని మోసే నిట్రాడ పక్కకి ఒరిగిపోతోంది. గంగరత్నం ఎంత జాగ్రత్తగా సర్దుకున్నా ఏం చేస్తుంది? అటక నిలబడాలంటే ముందు ఇల్లు నిలబడాలిగా!

"అక్కా! అత్తయ్యకీ చంటిదానికీ నీ దగ్గర చోటుందా?" అని అరిచింది గంగరత్నం.

నిజం చెప్పనా? ఆ కేక వినగానే ముందు అచ్చాయమ్మకి సంతోషం వేసింది. "ఆఖరికి నా అటకే కావాల్సొచ్చిందా!" అనుకుంది. అనుకుని వెనక్కి తిరిగి చూసింది. చోటు లేదు. అత్త అన్న మాట అప్పుడు తగిలింది దానికి. అత్తకి అన్నీ కావాలని అన్నీ తెచ్చింది గానీ, అత్తని మాత్రం ఎక్కడా పెట్టలేదు.

అప్పుడు చేతికందిన పప్పు సంచులు గోదాట్లోకి తోసేసింది. ఇంకా చోటు చాల్లేదు. ఆ తర్వాత అటుకుల బుట్టలూ ఊరగాయ జాడీలూ తోసేసింది. అయినా చాల్లేదు. ఇంక తీసెయ్యాల్సింది గంగాళమే. దాని మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. అవతల చంటిది కెవ్వుమంది. అచ్చాయమ్మ పళ్ళు బిగించి గంగాళం వంచేసింది. సన్నబియ్యం తెల్లగా జారిపోయి ఎర్రనీళ్ళల్లో కలిసిపోయాయి.

గంగరత్నం ముందుచూపున్న మనిషి కదా, అరటి బోదెలతో తెప్ప కట్టి ఉంచుకుంది. కానీ దాని మీద కూర్చున్న అత్తకి పడిపోకుండా తెప్ప పట్టుకోడానికే రెండు చేతులూ సరి, తను తెప్ప తోస్తే చంటిదాన్ని పట్టుకోడానికి ఇంకో చెయ్యి లేదు. అచ్చాయమ్మ ఇంకేం ఆలోచించలేదు. చేంతాడు ఒక కొస తన ఇంటి నిట్రాడకి, రెండో కొస తన నడుముకి కట్టుకుని, ఖాళీ గంగాళం నీళ్ళల్లోకి దింపి తనూ దిగింది. గంగాళం పడవలా తేలింది. దాన్ని తోసుకుంటూ వెళ్ళి చంటిదాన్ని అందులో పడుకోబెట్టి, మళ్ళీ తోసుకుంటూ తిరిగొచ్చింది. చంటిది ఏడుపు మానేసి, ఆ మెరిసే ఇత్తడిలో తన మొహం చూసుకుని కిలకిలా నవ్వింది. అందరూ అటకెక్కేసరికి పక్కిల్లు కూలిపోయింది.

ఆ అటక మీద నలుగురూ ఉన్నారు. ఒక కుండ బియ్యం ఉంది, పిడకలున్నాయి, నీళ్ళున్నాయి, చిల్లగింజలున్నాయి. నీళ్ళు తీసేదాకా అవి చాలాయి. అచ్చాయమ్మ వేడివేడిగా జావ కాచి అందరికీ పోసింది. పోసి ఊరుకుందా? ఊరుకోలేదు.

"అత్తా, నా అటక బావుందా, దాని అటక బావుందా?"

"దాని అటక గోదాట్లో ఉందే! ఇంకెక్కడిది దానికి అటక?" అంది పేరంటాలమ్మ. గంగరత్నం పకపకా నవ్వింది. చివరికి అచ్చాయమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత పేరంటాలమ్మ చాప పరిచి మధ్యలో పడుకుంది. పడుకుని, చంటిదున్న వైపుకి, అంటే చిన్నకోడలి వైపుకి తిరిగింది. అచ్చాయమ్మకి మళ్ళీ గుండెల్లో చురుక్కుమంది. ఇంత చేసినా నాకు వీపేనా అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

అప్పుడు పేరంటాలమ్మ ఇటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపింది. చీకట్లో తడుముకుని తడుముకుని, అచ్చాయమ్మ చెయ్యి దొరకపుచ్చుకుంది. తెల్లారేదాకా వదల్లేదు.

మరుసటేడు ఎండాకాలం అచ్చాయమ్మ ఖాళీ అటక ఎక్కి, ముందు అత్త చాప పరిచి చూసింది. తర్వాత గంగరత్నానికీ చంటిదానికీ పరిచింది. తర్వాత తను పడుకుని కాళ్ళు చాపి చూసుకుంది. ఇంకా మిగిలిన చోట్లోనే బియ్యం కుండ పెట్టింది. గంగాళం మాత్రం అటకెక్కించలేదు. గంగరత్నం మళ్ళీ కట్టుకున్న ఇంట్లో చంటిదానికి నీళ్ళు పోయడానికి ఇచ్చేసింది.

ఏమిటే చిన్నీ, ఊఁ కొట్టడం మానేశావు? నేను పావని వైపు తిరిగి పడుకున్నాననా? అది కొత్తచోట భయపడుతోందమ్మా, ఇల్లంతా నీళ్ళల్లో వదిలేసి వచ్చింది. నీ చెయ్యి ఇలా తే. దొరికింది. నేను వదల్లేదు చూడు.

ఇంక ఆ తలగడలు తీసెయ్. ఆఁ, అలాగ. ఇప్పుడు ముగ్గురికీ చోటు సరిపోయింది కదా.

కథేమో తెప్పెక్కి కంచికి,
కోడళ్ళేమో చాపలతో ఇంటికి,
పావనేమో మన మంచానికి,
నిద్దరేమో చిన్నీ కంటికి.