సద్దుల నాడు మూసిన తలుపు

తీతుకు ఏ ప్రశ్నకైనా జవాబు తెలుసు. జవాబు తెలియని ప్రశ్న కూడా ఒకటి ఉండొచ్చని అప్పటిదాకా అతనికి అనిపించలేదు.

బైబిలు కాలేజీలో చదువు పూర్తి చేసి, ఒక ఏడాది పని నేర్చుకోమని పెద్దలు పంపితే గుంటూరు వైపు నుంచి తెలంగాణలోని ఆ వాగొడ్డు ఊరికి వచ్చాడు. అక్కడి చర్చికి కాపరి ఆశీర్వాదం అయ్యగారు. డెబ్భై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఆయన ప్రసంగం కూడా పొట్టిదే. విశ్వాసులు ఆయన్ని పెద్దయ్యగారనీ, తీతును చిన్నయ్యగారనీ పిలిచేవాళ్లు.

తీతు వచ్చిన నెలకే బతుకమ్మ పండుగ వచ్చింది.

మొదటిరోజు సాయంత్రం అతను సైకిలు మీద ఎక్కడో ప్రార్థన ముగించుకుని వస్తున్నాడు. పెద్దవీధి మలుపులో ఆడవాళ్లు పూల బతుకమ్మలను మధ్యన పెట్టి, చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతున్నారు. ఒక గొంతు పాట ఎత్తుకుంటే మిగతా వాళ్లు అందుకుంటున్నారు. ఆ గొంతు వినగానే తీతు సైకిలు ఆపేశాడు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆ గొంతే. కరుణది.

తెల్లారగానే ఆమె ఇంటికి వెళ్లాడు. కరుణ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"నిన్న ఆ గుంపులో పాడింది మీరేనా అక్కా?"

"నేనే చిన్నయ్యగారూ. ఎందుకు?"

"అది విగ్రహారాధన అని మీకు తెలీదా?"

కరుణ చేట పక్కన పెట్టింది. "పసుపు గౌరమ్మకు వాళ్లు మొక్కేటప్పుడు నేను పక్కకు జరిగి నిలవడుత. అది వాళ్లకూ ఎరుకే. పూలు పేరుస్త, పాట పాడుత. గంతే."

"మధ్యలో దేవతను పెట్టి చుట్టూ తిరిగితే అది ప్రదక్షిణ కాదా?"

ఆమె చేతికంటిన తవుడు దులుపుకుంది. తరవాత మెల్లగా అంది. "మా నాయినమ్మ గుట్టలెంట తిరిగి తంగేడు పువ్వు తెచ్చిచ్చేది, ఇదే పెద్దవీధి వాడకు. పూలు తీసుకునేటోళ్లు, ఆమెను మాత్రం ఆటలకు రానియ్యకపోయేటోళ్లు. దూరంగ నిలవడి చూసేదట. ఇయ్యాల అదే వాడోళ్లు వచ్చి చెయ్యి పట్టి గుంజుకపోతరు, పాడు కరుణా అని. ఎట్ల రానంట అయ్యగారూ?"

తీతు దగ్గర దానికీ జవాబుంది. "మనుషులు పిలిచారని వెళ్లేవాళ్లు ప్రభువు పిలిచినప్పుడు ఎలా వెళ్తారు? రేపు ఆదివారం మీరు ప్రభువు బల్ల దగ్గరికి రావొద్దు."

రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ బల్ల దగ్గరికి కరుణ తప్పిన ఆదివారం లేదు. ఆమె మొహం పాలిపోయింది. "మంచిది" అని మాత్రం అని, చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పెద్దవీధిలో పాట లేదు. ఎవరో సెల్‌ఫోనులో పాట పెట్టారు. దాని చుట్టూ ఆడవాళ్లు రెండు చుట్లు తిరిగి ఇళ్లకు పోయారు. పక్కింటి శ్యామల వచ్చి కరుణ గడప ముందు నిలబడింది.

"ఒకప్పుడు మీరు ముట్టుకుంటె మావోళ్లు తానం చేసేటోళ్లంట. ఇప్పుడు మమ్ముల ముట్టుకుంటె మీకు మైలనా?" అని అడిగింది.



తీతు జరిగిందంతా పెద్దయ్యగారికి చెప్పాడు. దాచేందుకు ఏముంది? చర్చి సంఘాన్ని కాపాడానన్న నిబ్బరంతోనే చెప్పాడు. ఆయన "ఊఁ" అన్నాడు. పొద్దున్నే లెమ్మన్నాడు, అంతే.

ఆదివారం పొద్దున ఆయన చేతిలో కొడవలి, తీతు చేతిలో గంప. ఊరి వెనక గుట్ట వాలు తంగేడు పూలతో పచ్చగా ఉంది. ఆయన వంగి కొమ్మలు కోస్తూ పోయాడు. నడుము పట్టేస్తే నిలబడి, మళ్లీ వంగాడు. దారిలో చెలకల గట్ల మీద తెల్లగా ఊగుతున్న గునుగు కూడా కోశాడు. చర్చిలో ప్రసంగ వేదిక అలంకరణకేమోననుకున్నాడు తీతు.

పెద్దయ్యగారు నేరుగా కరుణ ఇంటికి నడిచాడు. ముందు శ్యామలను కేక వేసి పిలిచాడు. ఆమె మొహం ముడుచుకుని వచ్చి నిలబడింది. కరుణ బయటికొచ్చింది. ఇద్దరి మధ్యా గంప దింపించాడు.

"పూలు తెచ్చిన. తాంబాలం తెండ్రి బిడ్డా" అన్నాడు.

ఎవరూ కదలలేదు. ఆయన అరుగు మీద కూర్చుని, గునుగు పూలు ఒక్కొక్కటే తీసి, కాడలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టడం మొదలుపెట్టాడు. కట్టలు వంకరగా వస్తున్నాయి. శ్యామల కాసేపు చూసింది.

"గట్ల కాదు పెద్దయ్యగారూ, ఊడిపోతది" అంటూ కూర్చుని ఆయన చేతిలోంచి పూలు లాక్కుంది. లోపలికి వెళ్లిన కరుణ తాంబాలంతో వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇయ్యాల బల్లకు రా కరుణా. రొట్టె నేనే ఇస్త."

తీతు చెవులు వేడెక్కాయి. దారంతా ఆయన ఏదైనా అంటాడేమోనని చూశాడు. ఆయన కొడవలి భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఆ పూట ఆరాధనలో కరుణ మోకరించి రొట్టె తీసుకుంది. ఆ సాయంత్రం పెద్దవీధిలో మళ్లీ ఆమె గొంతు వినిపించింది.

తీతు చురుకైనవాడు. పాఠం నేర్చుకోవడానికి అతనికి ఒక్క రాత్రి చాలు. మర్నాటి నుంచి ఇంటి ప్రార్థనల్లో అతని మాట మారింది. క్రీస్తులో మనం స్వతంత్రులం అన్నాడు. పూలకు భయపడేవాడి విశ్వాసం ఎంత అని అడిగాడు. పండుగ రోజు తలుపు వేసుకుని కూర్చుంటే పొరుగువాడికి మన వెలుగు ఎలా కనిపిస్తుందన్నాడు. మొన్న వద్దన్నప్పుడు ఎంత గట్టిగా చెప్పాడో, ఇప్పుడు వెళ్లమనీ అంతే గట్టిగా చెప్పాడు.

ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ. శనివారం పడింది. ఊరంతా డప్పులతో ఊరేగింపుగా వాగు దాకా వెళ్లి బతుకమ్మలను నీళ్లలో వదులుతారు. ఈసారి పెద్దవీధి వాళ్లు వచ్చి పెద్దయ్యగారిని ప్రత్యేకంగా పిలిచారు. వాగొడ్డున కుర్చీ వేస్తాం, రావాలన్నారు. ఆయన సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం తీతు పోశవ్వ గుడిసెకు వెళ్లాడు.

పోశవ్వ ఊరి చివర, వాగు దారి పక్కన ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు ఆమె శివసత్తి. డప్పు మోగితే అమ్మవారు పూనేది. జుట్టు విరబోసుకుని ఊగిపోతుంటే జనం కాళ్ల మీద పడేవాళ్లు, పంట గురించీ పెళ్లిళ్ల గురించీ అడిగేవాళ్లు. పూనకం దిగాక ఆమె బతికిందో చచ్చిందో చూసేవాళ్లు కాదు. ఒకసారి అలా పడిపోయి రెండు రోజులు లేవకపోతే పెద్దయ్యగారి భార్య గంజి తాగించింది. ఆ తరవాతే ఆమె చర్చికి రావడం మొదలుపెట్టింది. ఆ అమ్మగారు చనిపోయినా పోశవ్వ మానలేదు.

"సాయంత్రం వాగు దాకా వెళ్దాం రండి అవ్వా. పెద్దయ్యగారు కూడా వస్తున్నారు" అన్నాడు తీతు.

ముసలామె చేతులు జోడించింది. "నన్ను ఇడిసిపెట్టు అయ్యా. డప్పు ఇనవడితె నా ఒళ్లు నా మాట ఇనది."

"ప్రభువు కంటే డప్పు గొప్పదా?"

"కాదయ్యా."

"మరి? భయం ఉందంటే విశ్వాసం తక్కువున్నట్టే కదా. నేను పక్కనే ఉంటాను."

చదువుకున్నవాడు, చిన్నయ్యగారు. కాదనడం ఆమెకు చేతకాలేదు. ఉతికిన చీర కట్టుకుంది. పొద్దు వాలుతుండగా ఇద్దరూ గుడిసె బయటికి వచ్చారు.

అప్పుడే ఊళ్లో మొదటి డప్పు మోగింది.

పోశవ్వ ఆగిపోయింది. తీతు "రండి" అంటూ రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. ఆమె కాలివేళ్లు వణుకుతున్నాయి. పళ్లు గట్టిగా కరుచుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె కుడిచెయ్యి మాత్రం, ఎవరో పట్టి లేపినట్టు, మెల్లగా తల వెనక్కి వెళ్లి కొప్పు విప్పుతోంది.

"అవ్వా, ప్రార్థన చేయండి! అవ్వా!" అన్నాడు తీతు. అతని గొంతు అతనికే పీలగా వినిపించింది. ఆమెకు అసలు వినిపించినట్టే లేదు. ఆ తరవాత ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకుని పెద్దయ్యగారు వాగు దారిన వస్తున్నాడు. దూరం నుంచే చూశాడు. గబగబా వచ్చి పోశవ్వ చెయ్యి పట్టుకుని, "దా అవ్వా, ఇంట్ల పని ఉన్నది" అని లోపలికి తీసుకెళ్లాడు. "నువ్వూ రా" అన్నాడు తీతుతో. తలుపు వేసి గడియ పెట్టాడు.

లోపల ఒక మూల గంపలో పల్లికాయలున్నాయి. ఆయన నేల మీద చతికిలబడి గంప ముందుకు లాక్కున్నాడు. గుప్పెడు కాయలు పోశవ్వ చేతిలో పోశాడు.

"ఒలువు అవ్వా. విత్తనానికేనా ఇవి?"

ఆమె వేళ్లు ముడుచుకుపోయాయి. కాయలు జారిపోయాయి. ఆయన మళ్లీ పోశాడు.

డప్పులు దగ్గరికొచ్చాయి. గుడిసె గోడలు అదిరాయి. ఆయన కొంచెం గొంతు పెంచాడు. "నీ మేక ఈనిందట గద. ఎన్ని పిల్లలు?"

"రెండు" అంది పోశవ్వ పళ్ల మధ్య నుంచి.

"పాలు సాలుతున్నయా?"

"ఒకదానికి... సాలుతలేవు."

"మా ఇంటికాడ పాలగిన్నె పెడుత. పొద్దున రా. ఒలువు, ఒలువు."

ఊరేగింపు సరిగ్గా గుడిసె ముందుకు వచ్చింది. తలుపు సందుల్లోంచి దివిటీల వెలుతురు లోపల పడింది. బయటి నుంచి ఎవరో కేక వేశారు. "పెద్దయ్యగారూ, మీరు ఇందుల పోవుడు చూసినం. కుర్చీ ఏసినం, రాండ్రి!"

"ఈసారి నేను రాను బిడ్డా. మీరు పొండి" అన్నాడాయన తలుపు తియ్యకుండానే. బయట ఎవరో విసుక్కున్నారు. ఇంకెవరో ఏదో అన్నారు. ఆ గోలలోనే కరుణ గొంతు పాట ఎత్తుకుంది. ఊరేగింపు కదిలింది.

డప్పులు వాగు వైపు దిగిపోయాయి. చీకటి పడుతున్న గుడిసెలో కాయల చప్పుడు ఒక్కటే మిగిలింది. చాలాసేపటికి పోశవ్వ చేతులు పైకెత్తి, విడిపోయిన కొప్పును తనే ముడేసుకుంది.

తీతు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. చివరికి అడిగాడు.

"రేపు ఆదివారం. సంఘానికి ఏమని చెప్పమంటారు అయ్యగారూ? పండుగకు వెళ్లమనా, వద్దనా?"

పెద్దయ్యగారు కాయ చిట్లించి, గింజలు గిన్నెలో వేశాడు.

"సంఘం అనే పేరుగల మనిషి ఏ ఇంట్ల ఉంటడో చూపియ్యి. నేనే పొయ్యి చెప్పొస్త."

తీతు గోడ వదిలాడు. వచ్చి పోశవ్వ పక్కన నేల మీద కూర్చుని, గంపలోంచి గుప్పెడు కాయలు తీసుకున్నాడు.