నడి గోదాట్లో ఇంజను

ఉదయం ఎనిమిదిన్నర. మాఘమాసం మంచు. గోదారి కనపడటం లేదు.

అవతలి ఒడ్డున సత్సంగం ముగించుకుని, గురువుగారిని వెంటబెట్టుకుని మా లంకకి పడవలో తిరిగొస్తున్నాం. గురువుగారంటే చిట్టెమాంబ గారు. మా అమ్మాయి హైమ పన్నెండో ఏట నుంచీ ఆవిడ శిష్యురాలు. ఇప్పుడు హైదరాబాదులో యంత్రాలకి ఆలోచించడం నేర్పే ఉద్యోగం. మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

"ఏంటమ్మా, ముఖం అలా వేలాడేసుకున్నావు?" అన్నారు గురువుగారు.

హైమ చెప్పింది. ప్రాణం మీదికొచ్చి ఆస్పత్రికి వచ్చినవాళ్ళలో ముందు ఎవరికి మంచం ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో ఇకనుంచి వాళ్ళ ఆఫీసు యంత్రమే తేలుస్తుందట. డాక్టర్ని కూడా అడగదట. ఇవాళ పది గంటలకి హైమ ఫోన్లో "సరే" అంటే అది మొదలవుతుంది.

"అనడం ఇష్టం లేదా?"

"అది తప్పులు చేస్తోందండీ. ఎందుకు చేస్తోందో మాకే తెలీదు. కానీ నేను కాదంటే ఇంకొకళ్ళు సరే అంటారు. ఇవాళ ఆస్పత్రి, రేపు కోర్టు, ఎల్లుండి యుద్ధం. ఇరవై ఏళ్ళు పోతే మనిషిని అడగాల్సిన పనంటూ ఉండదు. ఎటు పోతున్నామో ఎవరికీ తెలీదు. అయినా దీన్ని ఇక ఎవరూ ఆపలేరు గురువుగారూ."

గురువుగారు మంచులోకి చెవి ఒగ్గారు.

ఇంజను టకటకమంటోంది. పడవ నడిపే వీర్రాజుకి మూరెడు దూరం కూడా కనపడటం లేదు. హైమ ఫోనులో మ్యాపు చూసి దారి చెబుతోంది.

"నేరుగా పోనీ బాబాయ్. ఇంకా మూడొందల మీటర్లు."

"వీర్రాజూ, ఇంజను ఆపు," అన్నారు గురువుగారు.

"నడి గోదాట్లోనా? కొట్టుకుపోతాం అమ్మగారూ!"

"ఆపు."

"పిల్లకి ఆలస్యమవుతుందండీ," అన్నాను నేను.

వంకాయల బుట్ట పట్టుకుని కూర్చున్న సూరమ్మ నవ్వింది. "ఆపరా అబ్బాయ్. మునిగితే నువ్వొక్కడివేనేంటి, అందరం కలిసే మునుగుతాం."

వీర్రాజు ఆపాడు.

అప్పుడు వినపడింది, కంచు పళ్ళెం. మంచు పడితే మా రేవులో ఎవరో ఒకరు గరిటెతో పళ్ళెం కొడుతూ ఉంటారు. పడవలు ఆ చప్పుడు పట్టుకుని వస్తాయి. అది మాకు ఎదురుగా లేదు. కుడివైపు, కాస్త వెనకగా ఉంది.

ఎదురుగా వేరే చప్పుడు. నీళ్ళు దేనికో కొట్టుకుంటున్నాయి.

"పిల్లరు!" అని వీర్రాజు గడ అందుకున్నాడు.

కొత్త వంతెనకని సగం కట్టిన స్తంభం. ఇనప చువ్వలు పొడుచుకొచ్చి, మంచులోంచి మా మీదికి వచ్చేస్తోంది. వీర్రాజు గడ ఆనించి నెట్టాడు. హైమ ఫోను ఒళ్ళోంచి పడవలోకి జారిపోతున్నా చూసుకోకుండా లేచి అదే గడ పట్టుకుంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో దాటాం. మ్యాపులో ఆ స్తంభం లేదు.

గురువుగారు చీర చెంగుతో ముఖం మీది తడి తుడుచుకున్నారు.

"ఎవరూ ఆపలేరన్నావు," అన్నారు. "వీర్రాజు ఆపాడుగా."

హైమ గడ వదల్లేదు.

పళ్ళెం చప్పుడు వింటూ, గడ వేసుకుంటూ రేవు చేరేసరికి పది కావస్తోంది.

"ముందు అవతలి రేవుకి ఫోన్ చెయ్యమ్మా," అన్నారు గురువుగారు. "మంచు విడేదాకా పడవ వదలొద్దని చెప్పు."

హైమ చేసింది. అది పెట్టగానే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"లేదు సార్. సరే అనను... ఇంకొకళ్ళ చేత అనిపించుకోండి. ఎవరి చేత అనిపిస్తారో వాళ్ళకీ ఆ తప్పులన్నీ నేనే చూపిస్తాను. డాక్టర్లకీ చూపిస్తాను... ఉద్యోగమా? తీసేసుకోండి."

గొంతు హెచ్చింది. రేవులో అందరూ తలెత్తి చూశారు.

"ఎవర్నే పొద్దున్నే అలా దులిపేస్తున్నావు?" అంది సూరమ్మ.

గురువుగారు వెనక్కి తిరగలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు.

నేను తడి మెట్ల మీదే నిలబడిపోయి లెక్కపెట్టుకున్నాను. గురువుగారు. వీర్రాజు. సూరమ్మ. హైమ. నేను.

పడవెక్కిన అయిదుగురమూ ఉన్నాం. మళ్ళీ లెక్కపెట్టాను.