దీనరాజు ఎడం చెయ్యి

దీనరాజుకి పియానో పిచ్చి పట్టిందని మా పేటంతా నవ్వుకుంది. నవ్వరూ మరి! ఉన్న సర్వీసంతా ఆర్టీసీ బస్సు తోలి, రిటైరై, తెల్ల మీసంతో చర్చికొచ్చి పసిపిల్లాడిలా స్వరాలు దిద్దుతుంటే?

ఆయన బాధ ఆయనది. భార్య సువార్తమ్మ ఒకప్పుడు పాట ఎత్తుకుందంటే చర్చి గుడి మొత్తం ఆవిడ వెనకే పాడేది. థైరాయిడ్ ఆపరేషనయ్యాక గొంతు సన్నబడిపోయింది. పాటలో సగం వరసకే ఊపిరి చాలదు. అప్పట్నుంచీ పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెదవి కదపకుండా కూర్చుంటోంది. తను పక్కనుండి వాయిస్తే మళ్ళీ పాడుతుందని దీనరాజు ఆశ.

నేర్పేది కరుణమ్మ టీచర్‌గారు. ఎనభై దాటిన మనిషి. మాట తక్కువ, కోపమొస్తే ఇంకా తక్కువ.

దీనరాజువి మొద్దు వేళ్ళు. పియానో మీద ఒక మెట్టు నొక్కబోతే రెండు నొక్కుకుపోయేవి. అయినా పట్టు విడవకుండా, సువార్తమ్మకి ఇష్టమైన సాయంకాల కీర్తన రెండు చేతులా పట్టేశాడు. అదీ ఫోన్లో టిక్కుటిక్కుమనే తాళం పెట్టుకుని, ఒక్క దెబ్బ తప్పకుండా.

"నా బస్సు ఏనాడూ లేటవలేదు టీచర్‌గారూ," అని మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు సాయంత్రం భార్యని బతిమాలి గుడికి తీసుకొచ్చాడు. టీచర్‌గారు కిటికీ పక్కన కూర్చున్నారు. గుళ్ళో దీపాలు వేసే పని నాది, అందుకని వచ్చి గుమ్మంలోనే ఉండిపోయాను.

పాట మొదలైంది. సువార్తమ్మ గొంతు కలిపింది. సగం వరసలో ఊపిరి కోసం ఆగింది. పియానో ఆగలేదు. రెండో వరస దగ్గర అందుకోబోయింది, అప్పటికి అది మూడో వరసలో ఉంది. ఆవిడ పుస్తకం మూసేసింది.

"నావల్ల కాదండీ. ఇంక నన్ను పాడమనకండి," అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

దీనరాజు ప్రాణం ఉసూరుమంది. "ఎక్కడ తప్పానండీ టీచర్‌గారూ?"

"ఎక్కడా తప్పలేదు. ఎక్కేవాళ్ళు ఎక్కకుండానే బస్సు తీసేశావు, అంతే."

ఆవిడ లేచొచ్చి ఫోన్లో ఇంకా టిక్కుటిక్కుమంటున్న తాళం ఆపేశారు. సువార్తమ్మని పియానో ముందున్న బల్ల మీద భర్తకి ఎడం పక్కన కూర్చోబెట్టారు. దీనరాజు ఎడం చెయ్యి మెట్ల మీంచి తీసి, భార్య వీపుకి ఆనించారు.

"ఇప్పుడు వాయించు."

"ఒంటి చేత్తోనా?"

టీచర్‌గారు వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నారు.

దీనరాజు కుడి చేతి వేళ్ళు మెట్ల మీద పెట్టి కాచుకున్నాడు. అరచేతి కింద వీపు ఊపిరితో మెల్లగా పైకి లేచింది. అప్పుడు మొదటి మెట్టు నొక్కాడు. సగం వరసలో వీపు కుంగింది. వేలు అక్కడే ఆపాడు. మళ్ళీ లేచేదాకా ఆగి, ఆ తర్వాతే కదిలాడు. సువార్తమ్మ గొంతులో గాలే ఎక్కువ, అయినా అది పాటే. మామూలుగా పట్టే టైముకి రెట్టింపు పట్టింది. కానీ చివరి మాట దాకా పాడింది, మహాతల్లి! నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

ఆదివారం అందరి ముందూ అలాగే వాయించాడు. గుళ్ళో పెళ్ళాం మీద చెయ్యేంటని ఇద్దరు పెద్దమనుషులు మొహం చిట్లించారు. పాట మొదటి వరస అయ్యేసరికి వాళ్ళూ ఆవిడ ఆగినచోట ఆగి, ఆవిడతోపాటే ఎత్తుకున్నారు.

ఆరాధన అయింది. పాస్టరు అయ్యగారు దీవెన చెప్పేశారు. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. టీచర్‌గారు గొడుగు పట్టుకుని పియానో పక్కనుంచి వెళ్తుంటే దీనరాజు బల్ల మీంచి లేవకుండానే అడిగాడు.

"టీచర్‌గారూ, ఎడం చెయ్యి మళ్ళీ మెట్ల మీద ఎప్పుడు పెట్టమంటారు?"

ఆవిడ సువార్తమ్మ వీపు మీద ఇంకా ఆనే ఉన్న ఆ చేతి వంక చూశారు.

"పెట్టే ఉందిగా నాయనా," అన్నారు.