రాగి గోళ్ళు

అనగనగా, కొండల నడుమ ఒక అడవిలో ఒక అలుగు ఉండేది. అలుగంటే తెలుసు కదా పిల్లలూ, ఒళ్ళంతా పొలుసులుండి, భయం వేస్తే బంతిలా ముడుచుకుపోయే జంతువు. దాని పొలుసులు రాగిరంగులో మెరిసేవి. అందుకే అందరూ దాన్ని రాగి అని పిలిచేవారు.

చిన్నప్పుడు రాగి మొదటిసారి ఒక బొరియ తవ్వింది. మురిసిపోయి, తమ్ముణ్ణి అందులో పడుకోబెట్టింది. ఆ సాయంత్రం పెద్ద వాన కురిసింది. బొరియ కూలింది. తమ్ముడు మట్టి కిందే ఉండిపోయాడు. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి, "నీ గోళ్ళు ఎందుకూ పనికిరావు" అంది.

దుఃఖంలో అన్న మాట అది. అమ్మ మళ్ళీ ఎప్పుడూ అనలేదు. కానీ రాగి ఆ మాటను వదల్లేదు. పొద్దున లేవగానే, చీమలపుట్ట కనబడగానే, ఎవరైనా పలకరించగానే, "నా గోళ్ళు ఎందుకూ పనికిరావు" అని లోపల అనుకునేది. ఏళ్ళు గడిచాయి. అమ్మ పోయింది. మాట మాత్రం పోలేదు. రాగి ఎవరో వదిలేసిన బొరియల్లో తలదాచుకుని, పుట్టల బయట తిరిగే చీమలను తిని బతికేది.

ఒకసారి వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. వాగు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఎలుగుబంట్లు, అడవిపందులు నీళ్ళు వెతుక్కుంటూ కొండ దాటి వెళ్ళిపోయాయి. చుక్కమ్మ అనే దుప్పి మాత్రం వెళ్ళలేకపోయింది. దానికి అప్పుడే కూన పుట్టింది. ఆ కూన అంత దూరం నడవలేదు.

చుక్కమ్మ రాగి దగ్గరికి వచ్చింది. వాగు ఇసుకలో చెలమ తవ్వితే నీళ్ళు పడతాయని, గిట్టలతో లోతుగా తవ్వడం తనకు చేతకావడం లేదని, కాస్త సాయం చేయమని అడిగింది. రాగి తల దించుకుంది. తన వల్ల కాదంది. తమ్ముడి సంగతి, అమ్మ అన్న మాట, అన్నీ చెప్పింది.

చుక్కమ్మ అంతా విని, "ఆ మాట నా కూనతో అంటావా?" అని అడిగింది.

"పసిదానితో అలా ఎలా అంటాను అత్తా?" అంది రాగి.

"మరి నీతో ఎందుకు అంటున్నావమ్మా?"

పాత మాట వచ్చినప్పుడల్లా ఒక మంచి మాట చెప్పుకొమ్మంది చుక్కమ్మ. నేను చాలా గొప్పదాన్ని అని చెప్పుకోనా అని రాగి అడిగింది. అలా వద్దు, నమ్మలేని మాట మనసులో నిలవదు అంది చుక్కమ్మ.

"నా గోళ్ళు గట్టివి, ఈ పూట కొంచెం తవ్వగలను. ఇంతే చెప్పుకో. ఇది నిజమే కదా" అంది.

మొదటిరోజు రాగి ఆ మాట అనుకుంటూ తవ్వింది. కొంత లోతు రాగానే ఇసుక జారి గుంట పూడిపోయింది. రెండోరోజు వాలుగా తవ్వింది. అడుగున ఇసుక చల్లగా తగిలింది. చుక్కమ్మ ముఖం వెలిగింది. మూడోరోజు రాయి అడ్డం వచ్చింది. రాగి గోరు ఒకటి విరిగింది. అంతలో ఒక పక్క ఇసుక కూలి దాని మీద పడింది.

ఆ ఇసుక కింద రాగికి తమ్ముడు గుర్తొచ్చాడు. పాత మాట తిరిగొచ్చింది. ఎలాగో బయటపడి, పరుగున బొరియలోకి వెళ్ళి ముడుచుకుపోయింది.

చుక్కమ్మ రోజూ పొద్దున్నే వచ్చి బొరియ ముందు నిలబడేది. కోప్పడలేదు. నీ గోళ్ళు గట్టివి రాగీ అని చెప్పి వెళ్ళిపోయేది. రాగి వినేది, కానీ దానికి తన లోపలి మాటే పెద్దగా వినిపించేది. ఒకరోజు చుక్కమ్మ గొంతు బొంగురుపోయింది. మర్నాడు మాట సగంలోనే ఆగిపోయింది. ఆ తర్వాతి రోజు చుక్కమ్మ రాలేదు.

మధ్యాహ్నం దాకా చూసి రాగి బయటికొచ్చింది. చుక్కమ్మ గుంట పక్కన పడి ఉంది. గిట్టలు అరిగిపోయి, ముందుకాళ్ళకు నెత్తురు గడ్డకట్టింది. కూన తల్లి పొదుగులో పాలకోసం వెతుకుతోంది.

"అమ్మ లేవడం లేదు" అంది రాగిని చూసి.

రాగికి ఏడుపు రాలేదు. నీ గోళ్ళు ఎందుకూ పనికిరావు అంటోంది లోపలి గొంతు. రాగి గుంటలోకి దిగింది.

"నా గోళ్ళు గట్టివి. ఈ పూట కొంచెం తవ్వగలను" అని పైకే అంది.

రాయి పక్కనుంచి తవ్వింది. ఇసుక జారింది. దాన్ని తోసేసింది. మళ్ళీ ఆ మాటే అంది, మళ్ళీ తవ్వింది. కాసేపటికి గోళ్ళ చివర తడి తగిలింది. నీళ్ళు ఊరాయి.

జానెడే పిల్లలూ. రాగి ఆగిపోయిన చోటికి జానెడు కిందే నీళ్ళున్నాయి.

కూన కడుపునిండా తాగింది. రాగి తన నాలుక తడుపుకుని వెళ్ళి చుక్కమ్మ పెదవులకు రాసింది. అవి కదల్లేదు.

మిగిలిన కుందేళ్ళు, నెమళ్ళు, ముంగిసలు ఆ చెలమకు వచ్చి ప్రాణాలు నిలుపుకున్నాయి. రాగిని మెచ్చుకున్నాయి. రాగి ఆ మెప్పు వినలేకపోయింది. నువ్వు ముడుచుకుపోకుంటే చుక్కమ్మ బతికేది అని లోపలి గొంతు అనేది. అది అబద్ధమని రాగి అనలేకపోయింది. అవును, ఆలస్యం చేశాను, ఈ పూట చెలమ పూడిపోకుండా చూస్తాను అనుకుని లేచేది. కొన్నిరోజులు లేవలేకపోయేది కూడా.

ఒక సాయంత్రం కూన దాని పక్కన పడుకుని మెల్లగా అంది. "నేను పాలన్నీ తాగేశాను. అందుకే అమ్మ చచ్చిపోయింది. నేను చెడ్డదాన్ని."

రాగి కూనను దగ్గరికి తీసుకుంది.

"కాదు తల్లీ. నీకు ఆకలేసింది, తాగావు. మీ అమ్మ ఇష్టంగా ఇచ్చింది. నిజం అంతే. ఆ మాట మళ్ళీ వస్తే నాకు చెప్పు" అంది.

ఆ మాట మర్నాడు కూడా వచ్చింది. కూన చెప్పింది. రాగి మళ్ళీ అదే జవాబు ఇచ్చింది.

నీతి: పసిబిడ్డతో అనలేని మాటను మనతో మనం కూడా అనుకోకూడదు, మనకు మనం చెప్పుకునే మంచి మాట చిన్నదైనా నిజమైనదిగా ఉండాలి, ఆలస్యం కాకముందే దాని వెంట అడుగు పడాలి.