తెగని తాడు

కొండలకూ తాళ్లకూ మాటలొచ్చిన కాలం. ఒకనాడు బారెడు పొద్దెక్కిన వేళ. మబ్బు లేదు. ఆకు కదలడం లేదు. నల్లకొండ మీద అంకులమ్మ పెట్టె తెరిచి నాగతాడు బయటికి తీసింది.

అది మామూలు తాడు కాదు. ఆమె ముత్తాత కార్చిచ్చులోంచి ఒక నాగరాజును కాపాడితే, ఆయన ఇచ్చిన తాడు. కత్తికి తెగదు. నిప్పుకు కాలదు. ఆ కథ అంకులమ్మ తన పిల్లలకు వెయ్యిసార్లు చెప్పింది. "తెగని తాడు ఇస్తున్నాను" అని నాగరాజు అనేసరికి పిల్లలు నిద్రపోయేవారు. ఆ పైన ఇంకో మాట ఉంది. అది వినడానికి ఎవరూ మేలుకుని ఉండేవారు కారు.

ఆ కొండవాళ్లకు తేనే బతుకు. మగవాడు నడుముకు తాడు కట్టుకుని, లోయ అంచున వేలాడి తేనెపట్టు కోస్తాడు. పైన తాడు పట్టేది అతని బామ్మర్దే. అన్నదమ్ములు కూడా పట్టరాదు. తోబుట్టువు కాపురం నిలవాలని కోరేవాడే గట్టిగా పట్టుకుంటాడని పెద్దలు పెట్టిన కట్టు.

మొదటి రోజు అల్లుడు బయన్న దిగాడు. కొడుకు ఈదన్న తాడు పట్టాడు. కూతురు పోతి పొగ పెట్టింది.

"పట్టుకున్నావా బామ్మర్దీ, తూగుతున్నావా?" బయన్న కింది నుంచి అరిచాడు.

"ఇంకో మాటంటే వదిలేస్తా బావా!"

"వదులు! తాడుకు మహిముంది. నీకేముంది, అంబలి తాగే పొట్ట తప్ప?"

పోతి పడీపడీ నవ్వింది. సాయంత్రం ఆ మాట విని అంకులమ్మ కూడా నవ్వింది.

రెండో రోజు ఈదన్న తాడును మద్దిచెట్టుకు కట్టి, చేతులు దులుపుకుని నీడన కూర్చున్నాడు. ఏమీ కాలేదు. సొరబుర్రలు తేనెతో నిండి ఇంటికొచ్చాయి.

"చెట్టుకు కట్టావా?" అంది అంకులమ్మ.

"నాగతాడమ్మా! నువ్వు చెప్పిందేగా?"

ఆమె తేనె వడకట్టడానికి లోపలికి పోయింది.

మూడో రోజు వెళ్లింది చెట్టు లేని గుట్టకు. బయన్న దిగాక ఈదన్న తాడును ఒక బండకు చుట్టి ఈతపళ్లకు పోయాడు. పోతి పొగకు పచ్చాకు తేబోయింది.

మిట్టమధ్యాహ్నం అంబలి ముంత నెత్తిన పెట్టుకుని అంకులమ్మ గుట్ట ఎక్కింది. అంచున ఎవరూ లేరు. తాడు ఉంది. తాడు చివర బండ ఉంది.

బండ కదులుతోంది.

ముంత ఎప్పుడు పడిందో ఆమెకు తెలియదు. రెండు చేతులా తాడు పట్టింది. మడమలు రాతి నెర్రెలో తన్నిపెట్టింది. బండ ఆమె పక్కనుంచే దొర్లి, చుట్టు వీడి, బయన్నకు దూరంగా లోయలో పడింది. చాలాసేపటికి గాని చప్పుడు వినిపించలేదు.

అరచేతుల తోలు తాడుతో పోయింది. ఆమె వదల్లేదు. కింద బయన్న "ఈదా! ఈదా!" అంటున్నాడు. ఆ కేకకు ఈదన్న, పోతి పరుగెత్తుకొచ్చారు. ముగ్గురూ లాగారు.

బయన్న పైకొచ్చి మోకాళ్ల మీద పడ్డాడు.  ఈదన్న తాడును కాలితో తన్నాడు. "తెగనన్నావు! మోసం చేశావు!"

అప్పుడు తాడు మాట్లాడింది. "నేను తెగానా, నాయనా?"

ఈదన్న వంగి చూశాడు. ఒక్క పోగు కూడా లేవలేదు.

"తెగనని మాటిచ్చాను, తెగలేదు. పట్టుకోవడానికి నాకు చేతులేవి? ఆ సంగతి మీ అమ్మకు తెలుసు."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. అంకులమ్మ ఆ మిగిలిన మాట అప్పుడు చెప్పింది.

"'తెగని తాడు ఇస్తున్నాను, పట్టే చేతులు మీరే చూసుకోండి' అన్నాడు నాగరాజు. అప్పటికి మీరు నిద్రపోయేవారు. నేను దీపం ఆర్పేసేదాన్ని."

బయన్న బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. "నేనే నిన్ను వదలమన్నాను."

"నువ్వన్నా నేను వదలకూడదు బావా," అన్నాడు ఈదన్న. ఏడ్చాడు.

ఆ సాయంత్రం అంకులమ్మ కథను చివరి మాటతో మొదలుపెట్టింది. ఎవరూ నిద్రపోలేదు. పసరుకట్టు కట్టిన చేత్తో ఒక్కొక్కరి తలా తాకి చూసుకుంది. అల్లుడు, ఒకటి. కూతురు, రెండు. కొడుకు, మూడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

మహిమ వస్తువుది కావచ్చు. ప్రాణం నిలిపేది మాత్రం దాన్ని వదలని చెయ్యే.